మంచువాలు మీద మనిషి బొమ్మ

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పచ్చడి తిని, పంచాంగం విని, షోలాపురం ఎండలో విసనకఱ్ఱలు పట్టుకొని కూర్చున్న మీకు మంచును గూర్చి చెప్పబూనడం మాకే నవ్వు తెప్పిస్తున్నది. కార్యదర్శిగారు మొదట మమ్ములను పెండ్లి ఫోటోల మెలకువలను గూర్చి మాట్లాడమన్నారు. ఈ హాలులో ఉన్నవారిలో సగం మంది పెండ్లిండ్లకు మేమే ఫోటోలు తీసినాము. వాటిలోని తప్పులు మాకంటె మీకే బాగా తెలుసు. అందుచేత మీరెవ్వరూ తప్పు పట్టజాలని విషయం ఎన్నుకొన్నాము: మంచు కొండల మీద స్కీయింగు చేసేవారిని ఫోటో తీయడం. మేము అంటే అన్నదమ్ములం ఇద్దరం. మాట్లాడే నోరు ఒకటే అయినా తప్పులు ఇద్దరివీ గనుక మేము అనే చెబుతాము.

స్కీయింగు ఎరుగని పెద్దలకు ఒక్క మాట. ముందుకొస వంపు తిరిగిన పొడుగాటి పలకలు రెండు గట్టి బూట్లకు బిగించుకొని, చేతులలో చెరొక కఱ్ఱ పట్టుకొని, మంచు కప్పిన కొండవాలు మీద జారుతూ దిగే ఆట ఇది. మన దేశంలో దీనికి పేరుపడిన స్థలం కాశ్మీరులోని గుల్మార్గ్. మీలో చాలమంది దానిని 1973 నాటి 'బాబీ' చిత్రంలో చూచి ఉంటారు. అది సముద్రమట్టానికి 2,650 మీటర్ల ఎత్తున ఉన్నది. మన షోలాపురం అయిదు వందల మీటర్లు కూడ లేదు. గుల్మార్గ్ నుండి తీగల మీద నడిచే పెట్టెలు పైకి పోతాయి. 1998లో మొదటి మజిలీ కొంగ్‌డూరి దాకా వేసినారు. 2005లో రెండవ మజిలీ అఫర్వత్ కొండ మీదకు, ఇంచుమించు 3,950 మీటర్ల ఎత్తుకు పోయింది. ఎక్కడానికి తీగ, దిగడానికి పలకలు.

మాకు ఈ ఆటతో ఏమి పని అంటారా? మా అక్క కొడుకు పూనాలో ఉద్యోగం. వానికి ఈ స్కీయింగు పిచ్చి పట్టుకొన్నది. సెలవు దొరికినప్పుడల్లా గుల్మార్గ్ పోయి నేర్చుకొనేవాడు. 2023లో అక్క మమ్ములను పిలిచి, "మీరు ఊరందరి ఫోటోలు తీస్తరు గద, నా కొడుకుది ఒక్కటి మంచిగ తీసుకరాండ్రి. వాడు ఎట్ల జారుతడో నేను చూడాలె" అన్నది. ఆడబిడ్డ అడిగిన తరువాత తమ్ములకు వేరే మాట ఏమున్నది? ఆ ఫిబ్రవరి 1వ తేదీననే అఫర్వత్ వాలు మీద మంచుచరియ విరిగిపడి పోలండు దేశపు స్కీయర్లు ఇద్దరు చనిపోయినారు. ఆ వార్త విని అక్క మమ్ములను వెళ్ళవద్దన్నది. కొడుకు అక్కడికి బయలుదేరినాడని తెలిసి మళ్ళీ వెళ్ళమన్నది. పై కొండకు పోము, నేర్చుకొనేవారు తిరిగే కింది వాలులోనే ఉంటామని మాట ఇచ్చి, రెండవ వారంలో రైలెక్కినాము.

మొదటినాడు మూడు వందల ఫోటోలు తీసినాము. రాత్రి బసలో కూర్చుండి చూచుకొంటే మంచంతా బూడిద రంగు! నాలుగు దినాలు ఉతకని పంచె వలె ఉన్నది. మా అల్లుడు చూచి, "మామా, ఇది మంచా, సిమెంటా?" అన్నాడు.

మేము సిగ్గుపడిన కారణం వేరు. మా నాయన స్టూడియో పెట్టిన కొత్తలో ఇక్కడి తువ్వాళ్ళ కార్ఖానాలవారికి నమూనాల ఫోటోలు తీసి ఇచ్చేవాడు. తెల్ల టర్కీ తువ్వాలును ఎండలో ఆరవేసి, మీటరుతో వెలుతురు కొలిచి, అది చెప్పిన లెక్కకు ఒకటిన్నర స్టాపు ఎక్కువ తెరిచేవాడు. "మీటరు మాట యథాతథంగ వింటే తెల్లగుడ్డ మాసిపోతది" అనేది ఆయన మాకు చెప్పిన మొదటి పాఠం. మీటరుకు లోకజ్ఞానం లేదు. దాని ఎదుట ఏ వస్తువు పెట్టినా నూటికి పదునెనిమిది పాళ్ళ వెలుతురును తిప్పిపంపే మధ్యరకపు బూడిద రంగు వస్తువే అనుకొంటుంది. నల్ల ఎనుమును చూపితే తెల్లబరుస్తుంది, తెల్ల తువ్వాలును చూపితే నల్లబరుస్తుంది. మంచు తువ్వాలు కంటె తెలుపు. నలుబది ఏండ్లుగా తెలుపుతో కాపురం చేసిన ఇంటి పిల్లలం, కొత్త కెమేరా అంతా చూచుకొంటుందని నమ్మి, నాయన మాట మరిచినాము.

ఇక్కడొక చిక్కున్నది. వెనుకటి ఫిల్ము డబ్బాలలో ఒక కాగితం వచ్చేది, మీలో కొందరికి జ్ఞాపకముండవచ్చు. మామూలు ఎండకంటె ఇసుక మీద, మంచు మీద ఒక స్టాపు మూయుమని అందులో వ్రాసి ఉండేది. నాయన తెరువుమంటాడు, కాగితం మూయుమంటుంది. ఎవరి మాట నిజం? ఇద్దరిదీ నిజమే. కాగితం సూర్యుని నమ్ముకొని లెక్క చెబుతుంది: పైనుండి పడే ఎండకు కిందినుండి మంచు తిప్పికొట్టే వెలుతురు తోడవుతుంది గనుక కొంచెం మూయుమంటుంది. నాయన మీటరును నమ్మక లెక్క చెబుతాడు: అది తెలుపును చూచి బెదిరి ఇప్పటికే రెండింతలు మూసింది గనుక కొంచెం తెరువుమంటాడు. ఇద్దరూ చివరకు ఒక్క చోటికే వస్తారు.

తెరువవలెనన్నాము గదా అని మితిమీరినా ప్రమాదమే. మంచు అన్నం వలె మెతుకు మెతుకుగా కనబడవలె గాని గంజిముద్ద కారాదు. ఆ మెతుకులు కనబడేది ఏటవాలు ఎండలోనే. పొద్దున పది లోపల, మధ్యాహ్నం మూడు దాటిన తరువాత, పలక గీసిన ప్రతి గీతకు ఒక ప్రక్క నీడ పడుతుంది. ఆ నీడ నలుపు కాదు, నీలం. అందులో పడేది ఎండ కాదు, ఆకాశపు వెలుతురు. నడినెత్తి ఎండలో మంచు ఉత్త కాగితం. మబ్బు పట్టిన నాడు ఇంకా కష్టం. నేల ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో జారేవానికే తెలియదు, ఇక ఫోటోలో ఏమి తెలుస్తుంది? అటువంటి రోజున అడవి అంచుకు పోయి, దేవదారు చెట్ల నలుపును మనిషి వెనుక ఉంచుకొన్నవాడే బ్రతికిపోతాడు.

ఎండకు ఎదురుగా నిలబడి తీసే పద్ధతి మరొకటి ఉన్నది. పలక మలుపు తిరిగినప్పుడు చిమ్మే మంచుపొడి వెనుకనుండి వెలిగి ముత్యాలు చెరిగినట్లు ఉంటుంది. దీని రుచి ముందే తెలిసినవాడు జర్మనీలో ఆర్నోల్డ్ ఫాంక్ అనే ఆయన. 1920లోనే స్కీయింగు మీద పెద్ద చలనచిత్రం తీసినాడు. తరువాత ఆస్ట్రియాలోని ఆర్ల్‌బెర్గ్ ప్రాంతపు గురువు హన్నెస్ ష్నైడర్‌తో కలిసి, ఫిల్ము ముక్కలనే బొమ్మలుగా వేసి, స్కీయింగు నేర్పే పుస్తకం ఒకటి 1925లో తెచ్చినాడు. ఆనాటి బరువు కెమేరాలు మోసుకొని మంచులో ఆ పని ఎట్లు చేసినారో మాకు ఊహకు అందదు.

చలిని గూర్చి ఎక్కువ చెప్పము. బ్యాటరీలు చలికి త్వరగా నీరసిస్తాయి. మారు బ్యాటరీని లోపలి జేబులో ఒంటి వేడికి పెట్టుకోవలె. కెమేరాను బయటినుండి వెచ్చని గదిలోకి తెస్తే ఐసు సోడా సీసా వలె చెమర్చుతుంది. గడప దాటకముందే ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, అది గది వేడికి వచ్చేదాకా విప్పరాదు. ఇంకొకటి: మా చిన్నవాడు ఫోటో చూచుకోవడానికని నల్లకళ్ళద్దాలు నుదుటిమీదికి నెట్టుకొని పగలంతా తిరిగినాడు. రాత్రికి కండ్లలో ఇసుక పోసినట్లు మండి నీళ్ళు కారినవి. కొత్త మంచు ఎండలోని అతినీల కిరణాలలో నూటికి ఎనుబది పాళ్ళ వరకు తిప్పికొడుతుంది. అది చర్మాన్నే కాక కండ్లను కూడ కాలుస్తుంది.

రెండవ దినం రంగు కుదిరినది, మనిషి కుదరలేదు. దూరాన చీమ వలె, లేదా దగ్గర మసక వలె. మా లెక్క చెబుతాము, పిల్లలు కాగితం మీద వేసి చూడండి. గంటకు 72 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 20 మీటర్లు. షట్టరు సెకనులో 125వ వంతు తెరిస్తే ఆ లోపల మనిషి 16 సెంటీమీటర్లు జరిగిపోతాడు. మొగము రెండు మొగములవుతుంది. వెయ్యవ వంతులో అయితే 2 సెంటీమీటర్లు, అది సహించవచ్చు. సెకనుకు పది ఫోటోలు తీసే కెమేరా ఉన్నది గదా, మీట నొక్కిపట్టితే చాలునంటారేమో. ఒక ఫోటోకూ తరువాతి ఫోటోకూ మధ్య మనిషి రెండు మీటర్లు దాటుతాడు. మీకు కావలసిన ఆ వంపు ఆ రెండు మీటర్లలోనే ఉంటుంది. అందుచేత మనిషిని వెంటాడరాదు. వాడు ఎక్కడికి వస్తాడో ముందే తెలుసుకొని, ఆ చోటి మీద ఫోకసు కట్టి, ఊపిరి బిగబట్టి కాచుకోవలె. పెండ్లిలో జీలకఱ్ఱ బెల్లానికి ముందే మేము మధుపర్కాల మీద ఫోకసు కట్టుకొని కూర్చుంటాము, చూచి ఉంటారు. అదే.

ఎక్కడ నిలబడవలెననేదే ఈ విద్యలో సగం. వాలుకు నేరుగా కిందినుండి తీస్తే ఎంత నిటారు కొండైనా మన పార్కు మైదానం వలె కనబడుతుంది. ప్రక్కనుండి తీస్తే వాలు వాలుగా కనబడుతుంది. కెమేరానే కొంచెం వంచి కొండను నిటారు చేసే గడుసువారు కూడ ఉన్నారు. పాపం, వెనుకనున్న చెట్లన్నీ ఒరిగి వారి గుట్టు బయటపెడతాయి.

1998లో జపానులోని నాగానో శీతాకాలపు ఒలింపిక్సులో ఆస్ట్రియా వీరుడు హెర్మన్ మేయర్ డౌన్‌హిల్ పందెంలో అదుపు తప్పి గాలిలోకి లేచి, తలకిందులై, కంచె వలలను చీల్చుకొని పడినాడు. కార్ల్ యార్‌బ్రో అనే ఫోటోగ్రాఫరు గాలిలో అడ్డంగా తేలుతున్న మేయర్‌ను పట్టినాడు. ఆ చిత్రం లోకమంతా తిరిగినది. మేయర్ లేచి నడిచినాడు. ఆ వారంలోనే రెండు బంగారు పతకాలు గెలిచినాడు. గెలిచినాడు గనుక ఆ ఫోటోను మనము చప్పట్లు కొట్టి చూస్తాము. లేవకపోయి ఉంటే ఎట్లు చూచేవారమో!

ఈ మాట ఎందుకు తెచ్చినామంటే, మూడవనాడు జరిగినది చెప్పవలె. చెప్పకుండా ముగించవచ్చునని చిన్నవాడు అన్నాడు. మీ ఎదుట కాక ఇంకెక్కడ చెబుతాము?

కింది వాలులో ఒకచోట గట్టు వంటి ఎత్తు ఉన్నది. దాని మీదుగా వచ్చేవాడు ఒక్క క్షణం నేల విడిచి గాలిలో ఉంటాడు. గట్టుకు దిగువన, ఎడమ ప్రక్క కూర్చుండి తీస్తామనీ, కుడి ప్రక్కగా దూకుమనీ అల్లునికి చెప్పి పైకి పంపినాము. వాడు ఎక్కుతూ ఉండగా ఎండ తిరిగి మా నీడలే ఫోటోలో పడసాగినవి. నీడ తప్పించుకోవడానికి పది అడుగులు కుడికి జరిగినాము. పది అడుగులే. పైనున్నవానికి గట్టు దిగువ ఏమున్నదో కనబడదనే ఆలోచన మా ఇద్దరిలో ఒక్కనికీ రాలేదు. మా కండ్లు కెమేరాలో ఉన్నవి. వాడు గట్టు దాటి గాలిలోకి వచ్చేసరికి ఖాళీగా ఉండవలసిన చోట మేనమామలు ఇద్దరు కూర్చుండి ఉన్నారు. గాలిలోనే ఒళ్ళు మెలితిప్పి, మమ్ములను తప్పించి, అంచు పట్టక, మోకాలు మడత పడి, ముప్పది అడుగులు దొర్లిపోయినాడు.

దగ్గరకు పరుగెత్తితే మొదట అన్నమాట: "మామా, మీకు ఏం కాలేదు గద? మీరు ఆడెందుకు కూసున్నరు?"

మేము జవాబు చెప్పలేదు. ఇవాళటి వరకు చెప్పలేదు.

అంతర్జాతీయ స్కీ సమాఖ్యవారు వాలు మీద ఉండేవారందరికీ పది నియమాలు పెట్టినారు. అందులో ఆరవది, ఇరుకు చోట, పైవానికి కనబడని చోట ఆగరాదని. గుల్మార్గ్ పోకముందు మేము లెన్సుల ధరలు చదివినాము, ఈ పది వాక్యాలు చదువలేదు. ఎముక విరగలేదు గాని మోకాటి నరం సాగినది. ఆ ఏడాది వాని ఆట అంతటితో సరి. అక్కకు ఫోనులో, "కాలు జారి పడ్డాడు" అని చెప్పినాము. అబద్ధం కాదు, నిజమూ కాదు.

రాత్రి కెమేరా తెరిచి చూచినాము. తీసిన వందల ఫోటోలలో ఫోకసు, వెలుతురు, వంపు, మంచుపొడి అన్నీ చక్కగా కుదిరినది ఒక్కటే: వాడు మమ్ములను చూచిన క్షణం. వాని కళ్ళద్దాల గాజులో మేమిద్దరం చిన్నగా కనబడుతున్నాము. పోటీకి పంపితే బహుమతి వచ్చేదని చిన్నవాడు ఇప్పటికీ అంటాడు. అచ్చు వేయలేదు.

మోకాలు కుదుటపడిన తరువాత మరుసటి ఏడు వాడే మమ్ములను మళ్ళీ రమ్మన్నాడు. 2024 జనవరిలో గుల్మార్గ్‌లో మంచే లేదు. నేల బయటపడి ఉన్న ఫోటోలు పత్రికలలో చూచినాము. ఖేలో ఇండియా శీతాకాలపు ఆటలు వాయిదా పడి ఫిబ్రవరి చివరి భాగంలో జరిగినవి. మరుసటి ఏడు, 2025లోనూ అంతే, మంచు చాలక మార్చికి జరిపినారు. మేము 2024 మార్చి మొదట్లో పోయినాము. కొత్త మంచు బాగా పడి ఉన్నది.

ఈసారి కెమేరా సంచి విప్పకముందే ముగ్గురం వాలు నడిచి చూచినాము. వాడు మలుపు తిరిగేచోట మంచులో ఒక కఱ్ఱ పాతినాడు. మలుపులో జారి పడినవాడు బయటి వైపుకే దొర్లుతాడు గనుక మేము లోపలి వైపున, దిగువన, నలుబది అడుగుల దూరంలో చోటు చూచుకొన్నాము. దూరాన్ని పెద్ద లెన్సు సరిదిద్దుతుంది. అక్కడినుండి వాడు బయలుదేరే చోటు కనబడుతుందా అని వాడే పైకి పోయి చేయి ఊపి చూచినాడు. మేము చేయి ఎత్తితే సిద్ధమని అర్థం. ఎత్తిన తరువాత నీడ పడినా, పాము వచ్చినా కదలరాదు. పాములు అక్కడ లేవనుకోండి. మూడుసార్లు దిగినాడు. మొదటిసారి మేము తొందరపడినాము. రెండవసారి పైనుండి ఇంకొకాయన అడ్డం వచ్చినాడు. మూడవసారి వాడు కఱ్ఱ దగ్గర వంగి, చేయి మంచుకు తాకుతున్నదా అన్నట్లుగా మలుపు తీసుకొన్నాడు. పలకల కిందినుండి లేచిన పొడి మూడు గంటల ఎండకు ఎదురుగా వెలిగినది. ఒకటిన్నర స్టాపు నాయన లెక్క. మంచు మెతుకు మెతుకుగా వచ్చినది.

ఆ ఫోటోను పెద్దది చేయించి, పటం కట్టించి, అక్క ఇంటికి తీసుకొని పోయినాము. మోకాటి సంగతి అప్పుడే చెప్పినాము, ఉన్నది ఉన్నట్లుగా. అక్క చాలాసేపు మాట్లాడలేదు. తరువాత పటం దగ్గరకు తీసుకొని చూచి, "మొగం ఏది?" అన్నది.

నిజమే. తలమీద టోపీ, కండ్లకు పెద్ద అద్దాలు, గడ్డం దాకా మఫ్లరు. మలుపు ఉన్నది, పొడి ఉన్నది, వెలుతురు ఉన్నది. మొగము లేదు. స్కీయింగు ఫోటోలన్నీ అంతే, తల్లి అయినా గుర్తు పట్టలేదు. మేము ఏడాదిగా షట్టరు లెక్కలు వేసినవారమే గాని, అక్క అడిగినదేమిటో ఆలోచించలేదు.

చిన్నవాడు తన ఫోనులో ఇంకొక ఫోటో చూపినాడు. మూడవసారి దిగిన తరువాత అల్లుడు పలకలు విప్పి మంచులో కూలబడి, అద్దాలు నుదుటికి నెట్టుకొని, కనుబొమ్మల మీద మంచుతో, రొప్పుతూ మా వైపు చూచి నవ్వుతున్నాడు. ఫోనుతో ఊరికే తీసినది. వెనుకనున్న మంచు కొంచెం బూడిద రంగే.

అక్క ఇంట్లో నడిమింటి గోడకు ఉన్నది అదే. ఇటువైపు వచ్చినప్పుడు పోయి చూడండి. మేము కట్టించిన పటం స్టూడియోలో ఉన్నది, దానినీ చూడవచ్చు.